పక్షవాతానికి స్టెమ్ సెల్ ప్యాకేజీ: అడ్వాన్సు కట్టే ముందు చదవండి

మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయిన నాలుగు నెలలకు, స్టెమ్ సెల్స్ (ఇతర రకాల కణాలుగా మారగల మూలకణాలు) ఎక్కిస్తే మెదడులో చచ్చిపోయిన భాగం మళ్ళీ పనిచేస్తుందని చెప్పిన ఒక ప్రైవేటు కేంద్రానికి ఆయనను తీసుకువెళ్ళాము. మూడు విడతలకు కలిపి ఆరున్నర లక్షలు అడిగారు. ఆ వారంలోనే కడితే యాభై వేలు తగ్గిస్తామన్నారు. వైద్యానికి ఆషాఢం తగ్గింపు ఏమిటని ఆనాడు మాకు తట్టలేదు. అర ఎకరం తాకట్టు పెట్టి కట్టాము.

తుంటి ఎముకలోంచి మజ్జ తీసి, అందులోని కణాలను వేరుచేసి వెన్నులోకి సూదితో ఎక్కించారు. తర్వాత రెండు రోజులు జ్వరం, భరించలేని తలనొప్పి వస్తే, కణాలు పనిచేస్తున్నాయనడానికి అదే గుర్తని అక్కడి కౌన్సెలర్ చెప్పారు. మూడు విడతలూ పూర్తయినా నాన్నగారి వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. పైగా కణాలు కుదురుకోవాలంటూ ఆరు వారాలు ఫిజియోథెరపీ ఆపించారు. పక్షవాతం వచ్చిన తొలి నెలల్లోనే కోలుకోవడం ఎక్కువగా జరుగుతుందని మా న్యూరాలజిస్టు చెప్పినప్పుడు, ఆ ఆరు వారాలు తలచుకుని అమ్మ ఏడ్చింది.

ముందే తెలుసుకోవలసినవి డబ్బు పోయాక తెలిశాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ల్యుకేమియా, తలసేమియా వంటి రక్త సంబంధ వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి తప్ప, స్టెమ్ సెల్స్ వాడకం ఏదైనా అనుమతి పొందిన, చికిత్స పనిచేస్తుందో లేదో రోగులపై పరీక్షించే క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్‌లో చేరిన రోగి నుంచి చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. అంటే ప్యాకేజీ ధర చెప్పిన క్షణానే మేము లేచి రావలసింది.

ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల ఆధ్వర్యంలో అయిదు ఆసుపత్రుల్లో 120 మంది పక్షవాత రోగులపై జరిగిన ట్రయల్ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. రోగి సొంత మజ్జ కణాలనే, జబ్బు చేసిన నెలలోపు, రక్తనాళం ద్వారా ఎక్కించారు. హాని కనబడలేదు గాని, ఆరు నెలల తర్వాత కణాలు ఎక్కించినవారికీ ఎక్కించనివారికీ కోలుకోవడంలో తేడా లేదు. నాలుగో నెలలో వెన్నులోకి ఎక్కించడానికి ఆధారమేమిటని మా కేంద్రాన్ని అడిగితే, నడుస్తున్న రోగుల వీడియోలు పంపారు. అలాగని ఇలాంటి చికిత్సలతో అసలు హానే ఉండదనుకోవడం కూడా సరికాదు: పక్షవాతానికని చైనా, అర్జెంటీనా, మెక్సికోలలో ఇలా వెన్నులోకి కణాలు ఎక్కించుకున్న ఒక అమెరికన్‌కు వెన్నుపాములో, ఇతరుల కణాలతో కూడిన గడ్డ పెరిగినట్లు 2016లో వైద్య పత్రికలో వచ్చింది.

ఎవరైనా ఇలాంటి చికిత్స చెబితే ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు, రోగుల భద్రత, హక్కులు చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం అడగండి. ఆ నంబరును క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో ఎవరైనా ఉచితంగా సరిచూసుకోవచ్చు. మా రసీదుల మీద ‘ప్రొసీజర్ ఛార్జీలు’ అని, మేము చదవకుండా సంతకం పెట్టిన పత్రంలో ‘ప్రయోగాత్మకం’ అని ఉంది. ఆ రెండూ జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాము. ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారు తర్వాతి విడతకు వెళ్ళకముందే సంతకం చేసిన పత్రం నకలు అడిగి తీసుకోండి. మాకు అది చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది.