నోటా నొక్కాలా, నయమైనవాడికి వేయాలా? విసిగిన ఓటరుకు ఏది మేలు?

2024 మే 12 రాత్రి, తెల్లవారితే పోలింగ్. మా అమ్మ ఉండే వీధిలోకి ఇద్దరు కుర్రవాళ్లు వచ్చారు. ఒకరి చేతిలో ఓటర్ల జాబితా జిరాక్సు, మరొకరి చేతిలో సంచి. గుమ్మం పైన ఇంటి నంబరు చూసి, "పెద్దమ్మా, మీ ఇంట్లో మూడు ఓట్లు కదా?" అని పెన్నుతో మూడు టిక్కులు పెట్టి మూడు కవర్లు తీశారు. అమ్మ వద్దంది. వాళ్లు బతిమాలనూ లేదు, నొచ్చుకోనూ లేదు. పేర్ల పక్కన సున్నాలు చుట్టి పక్కింటికి వెళ్లిపోయారు. అరగంట తర్వాత రెండో పార్టీవాళ్లు అదే జాబితాతో వచ్చారు.

వాళ్లు వెళ్లాక పక్కింటి తాపీ మేస్త్రీ మా అరుగు మీద కూర్చున్నాడు. "అందరూ ఒక తానులో ముక్కలేనమ్మా. రేపు నేను వెళ్లను" అన్నాడు. డిగ్రీ చదువుతున్న అతని కూతురు, "ఇంట్లో కూర్చుంటే ఏమొస్తుంది నాన్నా? వెళ్లి నోటా నొక్కి రా" అంది. ఓటింగ్ యంత్రంలో 'పైవారెవరూ కాదు' అని చెప్పే మీట అది. మా అమ్మ మాట వేరు. "ఉన్నవాళ్లలో కాస్త నయమైనవాడు ఎవడో చూసి వేయండి."

విసిగిపోయిన ఓటరుకు ఉన్న దారులన్నీ ఇంచుమించు ఆ అరుగు మీదే ఉన్నాయి. వాటిని నేను ఒకే రాయితో తూస్తాను. మన కోపం మర్నాడు ఎవరికి తగులుతుంది?

ఇంట్లో కూర్చుంటే ఎవరికీ తగలదు. కవరు తీసుకున్న ఓటు ఎలాగూ పోలవుతుంది, దాన్ని తీసుకెళ్లడానికి ఇంటి ముందుకు ఆటో వస్తుంది. తీసుకోని ఓటు ఆగిపోతే, కొన్న ఓటు బరువు ఆ మేరకు పెరుగుతుంది. ఆ మరునాడు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 82 శాతం పోలింగ్ జరిగింది. అదే రోజు హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో సగం మంది కూడా ఓటు వేయలేదు. ఆ మిగతా సగంలో ఎందరు కోపంతో ఆగారో, ఎందరు బద్ధకంతో ఆగారో ఏ లెక్కా చెప్పదు. చెప్పకుండా మానేసిన ఓటుకు అర్థం ఉండదు.

నోటా ఈ విషయంలో ఎంతో మెరుగు. అది రాకముందు ఎవరికీ ఓటు వేయనని చెప్పాలంటే, 1961 నాటి ఎన్నికల నిబంధనల్లోని 49-ఓ కింద పోలింగ్ అధికారికి ఆ మాట చెప్పి, రిజిస్టరులో సంతకం చేయాలి. ఏజెంట్లంతా చూస్తుండగా! పల్లెలో ఆ సంతకం చేసి ఇంటికి రావడానికి గుండె ధైర్యం కావాలి. పౌర హక్కుల ప్రజా సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరు 27న ఇచ్చిన తీర్పుతో ఆ తిరస్కారానికీ రహస్యం దక్కింది. ఇది చిన్న విషయమని నేను అనను.

అయితే మేస్త్రీ కూతురు అనుకుంటున్నంత బలం ఆ మీటకు లేదు. 2024లోనే ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి చివరి నిమిషంలో నామినేషన్ ఉపసంహరించుకున్నాడు. నోటా నొక్కమని ఆ పార్టీ పిలుపునిచ్చింది. 2,18,674 మంది నొక్కారు. నోటా రెండో స్థానంలో నిలిచింది, బీజేపీ అభ్యర్థి 11 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. నోటాకు మొదటి స్థానం వచ్చినా ఫలితం మారదు. దాని తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచినట్లు. సూరత్‌లో అయితే ఒక్కరే మిగలడంతో పోలింగే జరగలేదు, నోటా నొక్కే అవకాశం కూడా ఓటరుకు రాలేదు. మహారాష్ట్ర, హరియాణా రాష్ట్రాల ఎన్నికల సంఘాలు 2018లో స్థానిక ఎన్నికలకు మాత్రం వేరే నియమం పెట్టాయి. నోటాకే ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ ఎన్నిక. అది అన్ని ఎన్నికలకూ వస్తే నా తూకం మారుతుంది.

నోటాతో ఇంకో నష్టం ఉంది, దీన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. నామినేషన్‌తో కట్టిన డిపాజిట్ సొమ్ము అభ్యర్థికి తిరిగి దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటాలి. ఆ చెల్లిన ఓట్లలో నోటాను కలపరు. ఒక నియోజకవర్గంలో 1,80,000 ఓట్లు పోలయ్యాయని, అందులో 12,000 నోటాకు పడ్డాయని అనుకుందాం. ఆ 12,000 మందీ ఎవరో ఒక చిన్న అభ్యర్థికి వేసి ఉంటే డిపాజిట్ గీత 30,000 దగ్గర ఉండేది. నోటా నొక్కడంతో అది 28,000కు దిగింది. 29,000 ఓట్లు వచ్చిన నాయకుడు మన కోపం పుణ్యాన డిపాజిట్ దక్కించుకున్నాడు.

పోటీ బిగువుగా ఉన్నచోట సంగతి ఇంకా తీవ్రం. 2019లో విజయవాడ సెంట్రల్ అసెంబ్లీ స్థానం 25 ఓట్ల తేడాతో తేలింది. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం 9 ఓట్లతో తేలింది. అలాంటి చోట ఒక వీధిలోని నోటా ఓట్లు చాలు, ఎమ్మెల్యే ఎవరో నిర్ణయించడానికి. నొక్కినవాళ్లు మాత్రం ఆ నిర్ణయాన్ని పక్కవాళ్లకు వదిలేసినట్లే. అరకు లోక్‌సభ స్థానంలో 2024లో నోటాకు 50 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. అన్ని వేల మంది మాకు వీళ్లెవరూ వద్దని చెబితే, ఎందుకని అడగడానికి ఏ పార్టీ ఏ గూడేనికి వెళ్లింది? నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇక అమ్మ చెప్పిన దారి. నయమైనవాడు ఎవరో తెలిసేదెలా? అందరూ ఒకటే అని మేస్త్రీ అన్న మాటకు ఆధారం లేకపోలేదు. ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం లెక్క ప్రకారం 2024లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో 251 మంది తమపై క్రిమినల్ కేసులున్నట్లు ప్రకటించారు. 2004లో ఆ సంఖ్య 125. ఇరవై ఏళ్లలో రెట్టింపయింది. ఇలాంటివారికే టికెట్ ఎందుకిచ్చారో పార్టీలు ప్రకటించాలని, గెలుస్తాడన్న ఒక్క కారణం చాలదని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ప్రకటనలు చదివి చూడండి. ప్రజల్లో మంచి పేరుంది, కేసులన్నీ కక్షతో పెట్టినవి అన్న మాటలే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

అయినా అందరూ ఒకటి కాదు. అది తెలియాలంటే అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 ప్రమాణపత్రం చదవాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. కేసులెన్ని అని కాదు, ఏ సెక్షన్లని చూడాలి. 2024 మేలో మన ఓటు వేళకు ఇంకా పాత భారత శిక్షాస్మృతే (ఐపీసీ) అమల్లో ఉండేది. అందులో 143, 188, 341 ఉంటే చాలావరకు ధర్నాలో కూర్చున్నవాడు, రోడ్డు మీద బైఠాయించినవాడు. 307 అంటే హత్యాయత్నం, 420 మోసం, 506 బెదిరింపు. ఒకరికి పది కేసులున్నా మొదటి రకమైతే, ఒకే ఒక్క 307 ఉన్నవాడికన్నా నాకు అతనే నయం. అభియోగాలు నమోదయ్యాయా అన్న గడి కూడా చూడాలి. పోలీసులు పెట్టిన కేసు వేరు, కోర్టు చూసి నమోదు చేసిన అభియోగం వేరు. తర్వాత ఆస్తుల పట్టిక. ఐదేళ్ల కిందటి ప్రమాణపత్రం పక్కన పెట్టుకుని చదివితే చాలా సంగతులు అర్థమవుతాయి.

"మనిషి ఎలాంటివాడైతే ఏం, గెలిచాక పార్టీ చెప్పినట్లే కదా చేసేది?" అని మేస్త్రీ కూతురు అడిగింది. మంచి ప్రశ్న. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిషేధ చట్టం తర్వాత సభలో ఎమ్మెల్యే చేయి విప్‌ను, అంటే పార్టీ ఇచ్చే ఆదేశాన్ని బట్టే లేస్తుంది. కానీ మన స్థలం గొడవలో పోలీస్ స్టేషనుకు ఫోను చేసేది ఆయనే. ఇసుక లారీని పట్టుకున్న అధికారిని బదిలీ చేయించేదీ, చేయించకుండా ఉండేదీ ఆయనే. అక్కడ విప్ ఉండదు. ఆ మనిషి స్వభావమే ఉంటుంది.

మరి మంచివాడే కానీ ఓడిపోతాడని అందరూ చెప్పే అభ్యర్థి? ఆ ఓటు వృథా అన్న మాట నేను ఒప్పుకోను. అది చెల్లిన ఓటు, డిపాజిట్ గీతను పైకి జరిపే ఓటు. 2009లో కూకట్‌పల్లిలో లోక్‌సత్తా తరఫున జయప్రకాశ్ నారాయణ్ గెలిచినప్పుడు ఓట్లేసినవాళ్లకూ ముందు ఈ వృథా మాటే వినిపించి ఉంటుంది. ఆ పార్టీకి దక్కింది ఆ ఒక్క స్థానమే, నిజమే. అయినా నోటాకు పడే ఓటుకన్నా పేరున్న మనిషికి పడే ఓటు వచ్చే ఎన్నిక వరకూ బతికి ఉంటుంది. గెలిచినవాణ్ని మధ్యలో వెనక్కి పిలిచే హక్కు మంచిదే కానీ, ఎమ్మెల్యే, ఎంపీల విషయంలో అది మన చేతిలో లేదు కనుక ఇక్కడ తూచడం లేదు.

నా లెక్క ఇది. పోటీ బిగువుగా ఉంటే, ప్రమాణపత్రాలు చదివి, ఉన్నవాళ్లలో నయమైనవాడికి వేయాలి. ఒకవైపే ఒరిగిందని ఊరంతా చెబుతుంటే మంచివాడైన చిన్న అభ్యర్థికి వేయాలి. చిన్నవాళ్లతో సహా అందరి పత్రాల్లోనూ 307లూ 420లే ఉంటే అప్పుడు నోటా. ఇంట్లో కూర్చోవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఆ రాత్రి పదకొండు వరకు ఎవరూ లేవలేదు. మేస్త్రీ కూతురు ఫోనులో ప్రమాణపత్రాలు తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి, వాళ్ల నాన్నకు ఒక్కొక్కటే చదివి వినిపించింది. సిమెంటు పగుళ్లు పడ్డ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని అతను మాట్లాడకుండా విన్నాడు. ఒక పేరు దగ్గర ఆపి, "506 అంటే ఏమిటన్నావు?" అని అడిగాడు.

"బెదిరింపు నాన్నా."

"ఎవరిని బెదిరించాడో రాశారా? మళ్లీ చదువు."