కుర్రాడికిచ్చే కిలోల తగ్గింపా, సీనియర్ జాకీ చెయ్యా? పందేనికి ఏది మేలు?

హైదరాబాద్ మలక్‌పేట గుర్రపు పందేల రేస్ కార్డు తిరగేస్తే కొందరు జాకీల పేర్ల దగ్గర బరువు మినహాయింపు కనిపిస్తుంది. వాళ్ళు అప్రెంటిస్‌లు, ఇంకా పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళు. అనుభవం లేని లోటుకి బదులుగా వాళ్ళెక్కిన గుర్రానికి కొంత బరువు తగ్గిస్తారు. ఇది చూసి కొందరు పంటర్లు, అంటే పందెం కాసేవాళ్ళు, ఆ గుర్రాన్ని వెంటనే పక్కన పెట్టేస్తారు. ఇంకొందరు బరువు తగ్గిందని ఎగబడి కాస్తారు. నేనైతే ముందు రేసు దూరం చూస్తాను, తర్వాత గుర్రం స్వభావం, ఆ తర్వాతే జాకీ.

బ్రిటన్ అంకెలతో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ ఫ్లాట్ రేసుల్లో, అంటే అడ్డంకులు దూకే పని లేని రేసుల్లో, అప్రెంటిస్‌కి 20 గెలుపులు వచ్చేదాకా 7 పౌండ్లు, అంటే సుమారు 3.2 కిలోలు తగ్గిస్తారు. తర్వాత 50 గెలుపుల దాకా 5 పౌండ్లు, 95 దాకా 3 పౌండ్లు. ఆపైన ఏమీ ఉండదు. మన దగ్గర లెక్క కిలోల్లో ఉంటుంది, అంకెలు వేరు. పద్ధతి మాత్రం అదే, గెలిచేకొద్దీ తగ్గింపు కరుగుతుంది.

ఇప్పుడు 3.2 కిలోలు రేసులో ఎంత పలుకుతుందో చూద్దాం. హ్యాండిక్యాపర్లు అంటే మంచి గుర్రానికి ఎక్కువ, బలహీనమైన దానికి తక్కువ బరువు కేటాయించేవాళ్ళు. వాళ్ళ మోటు లెక్క ప్రకారం 1000 మీటర్ల రేసులో ఒక లెంగ్త్ (ఒక గుర్రం పొడవంత దూరం) తేడా దాదాపు 3 పౌండ్లతో సమానం, 1600 మీటర్లలో 2 పౌండ్లు, 3200 మీటర్లలో ఒక్క పౌండే. అంటే అదే 7 పౌండ్లు పొట్టి రేసులో రెండు లెంగ్త్‌ల పైచిలుకు, మైలు రేసులో మూడున్నర, రెండు మైళ్ళలో ఏడు. దూరం పెరిగేకొద్దీ కుర్రాడి తగ్గింపుకి విలువ పెరుగుతుంది. చిత్రమేమిటంటే చాలామంది పంటర్లు దీనికి సరిగ్గా ఎదురు పనే చేస్తారు. స్ప్రింట్ (పొట్టి రేసు) అంటే గేటు తెరవగానే పరుగే కదా, జాకీ ఎవరైతే ఏంటని అక్కడే కుర్రాళ్ళ మీద డబ్బు పెడతారు.

అదే స్ప్రింట్‌లో గేటు దగ్గర అరక్షణం ఆలస్యమైతే ఆ రెండు లెంగ్త్‌లూ అక్కడికక్కడే పోతాయి. కుర్రాళ్ళు ఎక్కువగా తడబడేదీ అక్కడే. మలుపు ఉన్న ట్రాకుల్లో ఇంకో ఖర్చు ఉంది. అర్ధవృత్తం మలుపులో లోపలి రెయిలింగ్‌కి రెండు మీటర్లు బయటగా తిరిగిన గుర్రం ఆరు మీటర్లకు పైగా అదనంగా పరుగెత్తాలి. లెంగ్త్ అంటే రెండున్నర మీటర్లకు కాస్త తక్కువ. అంటే రెండున్నర లెంగ్త్‌ల నష్టం. రద్దీలో ఇరుక్కుంటానన్న భయంతో అనుభవం లేనివాడు బయటి దారి పట్టడం మామూలే. మైలు రేసులో వచ్చిన మూడున్నర లెంగ్త్‌ల లాభంలో ఎక్కువ భాగం ఒక్క మలుపులో కరిగిపోతుంది. సీనియర్ జాకీకి మనం కట్టే విలువ ఇదే. చివర్లో కొరడా ఊపడం కన్నా దారి వెతుక్కోవడమే అతని అసలు పని.

అందుకే గుర్రం స్వభావం చూడాలి. ముందుండి పరుగెత్తే గుర్రానికి కుర్రాడు చాలు. రెయిలింగ్ పట్టుకుని పోతూ ఉంటే చాలు, ఖాళీ వెతికే పని లేదు, బరువు తక్కువన్న లాభం పూర్తిగా మిగులుతుంది. వెనకాల ఆగి చివరి 400 మీటర్లలో దూసుకురావాల్సిన గుర్రం, మొదటి నుంచీ కళ్ళేన్ని లాగే మొండి గుర్రం అయితే మాత్రం ఎన్ని కిలోలు తగ్గించినా నేను సీనియర్ వైపే. గుంపులో అలాంటి గుర్రం మీద కుర్రాడిని చూస్తే నాకే టెన్షన్.

టాప్ వెయిట్, అంటే రేసులో అందరికన్నా ఎక్కువ బరువు, మోసే గుర్రాలది వేరే లెక్క. పెద్ద బరువు పడిన మంచి గుర్రం మీద ట్రైనర్ కావాలనే అప్రెంటిస్‌ని ఎక్కించాడంటే, ఆ మూడు కిలోలు తగ్గించుకోవడమే అతని ఎత్తు. తక్కువ బరువు పడి కార్డులో అడుగున ఉన్న గుర్రాల విషయం ఇంకోలా ఉంటుంది. సీనియర్లు అందరూ అంత తక్కువ బరువుకి దిగలేరు, దిగలేనివాడు ఎక్కితే గుర్రం అదనపు బరువు మోయాలి. అక్కడ కుర్రాడు తప్ప వేరే దారి లేక ఎక్కించి ఉండొచ్చు, దాన్ని కుర్రాడి మీద ట్రైనర్‌కున్న నమ్మకం అనుకోకూడదు.

ఏ లాయం నుంచి వచ్చాడన్నదీ ముఖ్యమే. ఇంగ్లాండ్‌లో కింగ్స్‌క్లియర్ లాయంలో ఆండ్రూ బాల్డింగ్ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో విలియం బ్యూక్, డేవిడ్ ప్రోబర్ట్ 2008లో చాంపియన్ అప్రెంటిస్ బిరుదు పంచుకున్నారు. అదే లాయం కుర్రాడు ఆషిన్ మర్ఫీ 2013 సెప్టెంబర్‌లో ఎయిర్ గోల్డ్ కప్ గెలిచిన రోజే మరో మూడు రేసులూ గెలిచాడు. నాలుగూ కలిపి కాసినవాడికి పెట్టినదానికి 9,260 రెట్లు లాభం వచ్చేది. అప్పటికి అతనింకా అప్రెంటిసే. మరుసటి ఏడాది చాంపియన్ అప్రెంటిస్ అయ్యాడు. అలాంటి కుర్రాడి పేరు మారుమోగాక మాత్రం ఆడ్స్, అంటే గెలిస్తే పెట్టినదానికి ఎన్ని రెట్లు వస్తుందన్న ధర, నలిగిపోతుంది. తగ్గింపు వల్ల వచ్చే లాభం ఆడ్స్‌లో ముందే కలిసిపోయి ఉంటుంది.

పన్ను సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో గుర్రపు పందెం పూర్తి విలువ మీద 2023 అక్టోబర్ నుంచి 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. గెలిచిన డబ్బు మీద 30 శాతం ఆదాయపు పన్ను వేరే. కుర్రాడి వల్ల కలిసొచ్చే చిన్న లాభం ఈ కోతల ముందు నిలవదు. అందుకని రేసు రేసుకీ అప్రెంటిస్‌ల మీద కాసుకుంటూ పోయే పద్ధతి నా దృష్టిలో శుద్ధ దండగ. వినోదానికి కోల్పోయినా బాధపడని చిన్న మొత్తం పెట్టేవాడికే ఈ పోలిక పనికొస్తుంది.

అలా కాసేవాడు నన్నడిగితే, పచ్చి కుర్రాడికీ పూర్తి సీనియర్‌కీ మధ్య ఉన్నవాణ్ణి చూపిస్తాను. పనితనం ఒక్కో రేసుతో మెల్లగా పెరుగుతుంది, తగ్గింపు మాత్రం మెట్లు దిగినట్టు ఒక్కసారిగా పడుతుంది. బ్రిటన్ లెక్కలో 45 గెలుపులున్న కుర్రాడు దాదాపు సీనియర్‌లాగే స్వారీ చేస్తూ ఇంకా 5 పౌండ్లు తగ్గించుకుంటాడు. 52 గెలుపులున్నవాడు అతనికన్నా పెద్దగా మెరుగేం కాదు, అతనికి 3 పౌండ్లే. నాలుగు గెలుపులున్న కొత్తవాడికి 7 పౌండ్లిచ్చినా మలుపు దగ్గరే తిరిగిచ్చేస్తాడు. ఆ 45 గెలుపులవాడు మైలుకి పైబడిన రేసులో, ముందుండి పరుగెత్తే గుర్రం మీద, పది లోపు గుర్రాల మధ్య దొరికితే సీనియర్‌ని వదిలేసి అతన్నే కాస్తాను. గుర్రాలు ఎక్కువున్న 1000, 1200 మీటర్ల రేసుల్లో సీనియరే. గ్రూప్ రేసుల్లో, అంటే అన్నిటికన్నా పై స్థాయి రేసుల్లో, బ్రిటన్‌లో తగ్గింపు అసలు చెల్లదు కాబట్టి అక్కడ కుర్రాణ్ణి కాయడానికి నాకు కారణం కనిపించదు.