జైల్లో ఉన్నవాడికి సంక్రాంతికి ఏది మేలు: అరిసెలా, మనీ ఆర్డరా, కొత్త చొక్కానా?

నెలగంట పెట్టగానే మా వీధిలో బెల్లం పాకం వాసన మొదలవుతుంది. ఒడిశా బరంపురంలో మన తెలుగు ఇళ్లలో అరిసెలు, పక్కింటి ఒడియావాళ్లకి అరిసా పిఠా. పేరు కాస్త అటూ ఇటూ, పాకం ఒకటే. రెండేళ్లుగా ఆ వాసన రాగానే మా అమ్మ అడిగేదీ ఒకటే మాట: "వాడికేం పంపుదామే?"

వాడంటే మా తమ్ముడు. ఆటో తోలేవాడు. తెలిసినవాళ్లు ఇచ్చిన గోనెసంచి ఒకటి బస్టాండుకి చేర్చబోయి గంజాయి కేసులో రిమాండుకి వెళ్లాడు. సరుకు 20 కిలోలు దాటిందంటే చట్టం దాన్ని వ్యాపారం కింద లెక్కేస్తుంది, ఆపైన బెయిలు గగనమే. పార్సిల్ పుణ్యమా అని లోపలికెళ్లినవాడికి మళ్లీ పార్సిలేంటని నాన్న విసుక్కుంటాడు. విసుక్కుంటూనే డబ్బాకి తాడు కడతాడు.

ఈ రెండేళ్లలో తిండి పట్టికెళ్లాం, పార్సిల్ వేశాం, డబ్బు కట్టాం, బట్టలిచ్చాం, ఉత్తరాలు రాశాం. గేటు ముందు క్యూలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వచ్చినవాళ్ల దగ్గర విన్నదీ చాలా ఉంది. వాడు ఏ జైల్లో ఉన్నాడో మాత్రం రాయను. రేపు మళ్లీ అదే గేటు దగ్గర నిలబడాల్సింది మేమే.

ఏది మేలో చెప్పేముందు ఒకటి తేలాలి. మీ మనిషి రిమాండులో ఉన్నాడా, శిక్ష పడిందా? ఇది తెలీకుండా ఏం కొన్నా దండగ. వి.వి.గిరి మన బరంపురంలో పుట్టిన ఏడాదే, 1894లో, తెల్లవాళ్లు జైళ్ల చట్టం రాశారు. అందులో 31వ సెక్షన్ ప్రకారం శిక్ష పడని ఖైదీ తిండి, బట్ట, పక్కబట్ట బయటినుంచి తెప్పించుకోవచ్చు. తనిఖీ ఉంటుంది, వేళలుంటాయి, పై అధికారి పెట్టిన నిబంధనలుంటాయి, అయినా దారి ఉంది. శిక్ష పడ్డవాడికి ఆ వెసులుబాటు లేదు. తిండీ బట్టా జైలు పెట్టిందే. 2022 లెక్కల్లో దేశం మొత్తం మీద ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణలో ఉన్నవాళ్లే కాబట్టి, ఇది చదివేవాళ్లలో ఎక్కువమంది రిమాండు మనిషి ఇంటివాళ్లే అనుకుని రాస్తున్నాను.

అరిసెలతోనే మొదలుపెడతాను. ఎవరికైనా ముందు తోచేది అదే, మేమూ మొదటి ఏడు అదే చేశాం. అమ్మ రాత్రి పన్నెండు దాకా కూర్చుని వండింది. నువ్వులద్దిన అరిసెలు ఇరవై ఒకటి, జంతికలు ఓ డబ్బా. గేటు దగ్గర వార్డరు బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి అరిసెలు ఒక్కొక్కటీ తీసి ఒడియాలో లెక్కపెట్టాడు. ఏక, దుయి, తిని. తర్వాత ఇనప చువ్వ తీసుకుని ప్రతి అరిసెనీ పొడిచి, నాలుగు ముక్కలు చేసి లోపల చూశాడు. నువ్వులు బల్లంతా రాలాయి, నెయ్యి అంటిన వేలితోనే రిజిస్టరు పేజీ తిప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. "ఏం చెయ్యనమ్మా, పోయినసారి ఒకావిడ లడ్డూలో పెట్టి తెచ్చింది" అన్నాడు తెలుగులోనే. ఏం తెచ్చిందో చెప్పలేదు, మేమూ అడగలేదు. మావాడిది గంజాయి కేసని కాగితం మీద రాసే ఉంది కదా. ఆఖరికి అయిదు అరిసెల ముక్కలు లోపలికి వెళ్లాయి. మిగిలినవి మాతోనే తిరిగొచ్చాయి. బస్సులో ఆ డబ్బా మూత ఎవరం తియ్యలేదు.

తర్వాత ఎప్పుడో మా వకీలు గుమాస్తా చెబితే తెలిసింది, అదే చట్టంలో 32వ సెక్షన్ కూడా ఉంది. అలా బయటినుంచి తెప్పించుకున్నది ఇంకో ఖైదీకి పెట్టకూడదు. పెడితే ఆ వెసులుబాటే పోవచ్చు. అరిసెల పళ్లెం వీధిలో పది గుమ్మాలు తిరక్కపోతే పండగే కాదనుకునే ఇళ్లు మనవి. అలాంటి తిండిని నలుగురి మధ్యా గోడకి తిరిగి ఒక్కడే తినాలన్నమాట. లోపల ఎవరైనా నిజంగా అలా తింటారా అన్నది వేరే సంగతి. మావాణ్ని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

తిండి పార్సిల్ కట్టి పంపడం ఇంతకన్నా అధ్వానం. చేత్తో పట్టికెళ్తే కనీసం ముక్కలైనా చేరాయి. ఆ దసరాకి వెళ్లడం కుదరక సున్నుండలు పార్సిల్ వేశాం. పండగ వెళ్లిన తొమ్మిదో రోజున అట్టపెట్టె చీమలతో సహా మా గుమ్మానికే తిరిగొచ్చింది. ఎదురుగా నిలబడి విప్పి చూపించే మనిషి లేని తిండిని ఏ జైలైనా ఎందుకు నమ్ముతుంది? ఇందులో మంచీ చెడూ బేరీజు వెయ్యడానికేం లేదు. వద్దు.

ఇక డబ్బు. పోస్టాఫీసులో ఇంకా మనీ ఆర్డర్ ఉందంటే మా మేనల్లుడు నమ్మలేదు. ఫోనుతో రూపాయి కూడా పంపగల పిల్లలు మరి. ఉంది, కాగితం బదులు కంప్యూటర్లో వెళ్తుంది. ఇరవై రూపాయలకి రూపాయి కమీషన్, అంటే వెయ్యికి యాభై. 2021లో షారుఖ్ ఖాన్ కొడుకు ముంబయి జైల్లో ఉన్నప్పుడు ఇంటినుంచి వెళ్లిందీ మనీ ఆర్డరే, 4,500 రూపాయలు, అక్కడి నెల పరిమితి అప్పుడంతే. (మరుసటేడు ఆధారాల్లేవని ఆ అబ్బాయి పేరు చార్జిషీటులో పెట్టలేదు.) అంతటివాళ్లకైనా దారి అదే. ఆ డబ్బు ఖైదీ చేతికి ఇవ్వరు, అతని పేరుమీద ఖాతాలో జమచేస్తారు. క్యాంటీన్లో సబ్బు, కొబ్బరినూనె, బిస్కెట్లు, మిక్చరు కొనుక్కుంటే అందులోంచి కొట్టేస్తారు. పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కట్టేముందు గేటు దగ్గర అడగండి.

వంకల్లేవని కాదు. మావాడికి మొదటిసారి డబ్బు చేరిన వారంలోనే ముగ్గురు కొత్త అన్నలు పుట్టుకొచ్చారట. ఒకడికి బీడీలు, ఒకడికి సబ్బు, మూడోవాడికి ఊరికే మర్యాద. అందుకే వెయ్యి ఒక్కసారే పంపకుండా, నాలుగువందలు, మూడువందలు చొప్పున విడగొట్టి పంపుతున్నాం. ఎలా కట్టినా కమీషన్ అంతే పడుతుంది. అమ్మ అభ్యంతరం మాత్రం వేరే. "పండక్కి డబ్బు పంపితే పాలేరుకి మామూలు ఇచ్చినట్టుంటుంది" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కానీ లోపలివాడి వైపునుంచి చూస్తే డబ్బుదే పైచేయి. శిక్ష పడ్డవాడు పనిచేస్తే కూలి జమవుతుంది. రిమాండువాడికి మామూలుగా అదీ ఉండదు, ఒంటి సబ్బుకి కూడా ఇంటి మొహమే చూడాలి. మల్కనగిరి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన తెల్లారకముందే బస్సెక్కి, పది నిమిషాలు ములాఖత్ చూసుకుని, రాత్రికి గానీ ఇల్లు చేరడు. అలాంటివాళ్లకి నా సలహా, పండగ బస్సుల్లో నలిగిపోయే బదులు ఆ చార్జీలు మనీ ఆర్డర్ కట్టండి, మొహం చూడాలనిపిస్తే ఈ-ములాఖత్‌కి, అంటే వీడియోలో చూసి మాట్లాడడానికి, పేరు నమోదు చేయించండి. శిక్ష పడ్డ మనిషికైతే ఇంకో ఆలోచనే వద్దు. డబ్బు, ఉత్తరం, అంతే.

ఉత్తరం గురించి రెండు ముక్కలు. కార్డు అర్ధరూపాయే. అయితే అది ముందు జైలువాళ్లు చదువుతారు, ఆ తర్వాతే మనవాడు. బరంపురం వైపు తెలుగు చదివేవాళ్లు దొరుకుతారు. లోపలి జిల్లాలకి రాసేటప్పుడు గొలుసుకట్టు రాత వద్దు, కేసు ఊసు అసలే వద్దు. మా అమ్మ చెబుతుంటే నేను రాస్తాను. ఆవు ఈనింది, మేడమీద పెంకు మార్పించాం, పిన్ని ఇచ్ఛాపురం నుంచి వచ్చి నీ గురించి అడిగింది, ఇవే. వాడు వాటిని దాచుకుంటున్నాడని వాడితో పాటు ఉండి బెయిలు మీద వచ్చిన కుర్రాడు చెప్పాడు.

కొందరు ఖర్చు భరించి, సూపరింటెండెంటు అనుమతితో జైలంతటికీ మిఠాయి పంచిపెడతారు. కలిగినవాళ్లకి మంచి పనే. పండగలకి జైలు కూడా కాస్త మంచి భోజనం పెడుతుంది. మా స్తోమతకి అది దూరం, దాని జోలికి పోను.

నా ఓటు చివరికి బట్టకే పడింది, రిమాండులో ఉన్నవాడి సంగతే చెబుతున్నాను. తిండి పూటలో అయిపోతుంది, డబ్బుకి వాటాదార్లు పుడతారు. ఒంటిమీదున్న చొక్కాని ఎవడూ ముక్కలు చెయ్యడు, అడిగి పట్టుకుపోయేవాడూ తక్కువే. రిమాండువాడు సొంత బట్టలే కట్టుకుంటాడు కాబట్టి పండగ పూట కొత్తబట్ట నిజంగా ఒంటిమీదికి వస్తుంది. కిందటేడు ఒక చొక్కా, లుంగీ, తువ్వాలు, పైజమా పట్టికెళ్లాం. నాడా ఉందని పైజమా తిప్పి ఇచ్చేశారు. ఖాకీ ఛాయ ఉన్నదేదీ తేవద్దని ముందే చెప్పారు. అన్నీ సరిపోయాయి అనుకునేసరికి చొక్కా కాలరు వెనక పసుపు మరక దగ్గర వార్డరు ఆగాడు. వేలితో రుద్దాడు, వాసన చూశాడు.

"ఇదేంటమ్మా?"

"పసుపు నాయనా. కొత్తబట్టకి బొట్టు పెట్టకుండా ఎలా కడతాడు?"

అతను ఇంకోసారి వాసన చూసి, మడతపెట్టి లోపలికి పంపాడు. కనుమ వెళ్లాక ములాఖత్‌కి వెళ్తే వాడు ఆ చొక్కాతోనే వచ్చి జాలీ అవతల నిలబడ్డాడు. అమ్మ కాసేపు మాట్లాడలేదు, కాలరు వైపే చూస్తూ ఉంది.

ఈ ఏడు చొక్కా కొనేశాను. ముదురు నీలం, ఒకటే జేబు. మూడువందలు మనీ ఆర్డర్ నిన్ననే కట్టాను. అరిసెలు వండుతానంటే అమ్మని ఆపలేదు, అవి మాకూ పక్కింటికీ. చొక్కాకి పసుపు పెడతానంటోంది. పెట్టమన్నాను, ఈసారి లోపలి మడతలో.