ఒటాగో వ్యాయామాలు: చాలాకాలంగా చేస్తున్న నా అనుభవం

రోజూ నడుస్తున్నాం కదా, ఇంకేం కావాలి అంటారు మా పార్కులో నా ఈడు వాళ్లు. నడక గుండెకీ షుగర్‌కీ మంచిదే, కానీ పడకుండా ఉండాలంటే అదొక్కటే చాలదు, కాళ్లలో బలం ఉండాలి, ఒళ్లు తూలినప్పుడు నిలదొక్కుకోవడం రావాలి. నాకు డెబ్బై దాటాయి, పెద్ద వయసులో పడిపోకుండా ఫిజియో నేర్పిన ఈ ఒటాగో వ్యాయామాల పద్ధతి కొన్నేళ్లుగా వదలకుండా చేస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నా.

ఇది న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లది. అక్కడి డునీడిన్ నగరంలో 80 ఏళ్లు, ఆ పైబడిన ఆడవాళ్లతో చేయించి 1997లో ఫలితాలు ప్రచురించారు, తర్వాత వాళ్లవే నాలుగు పరిశోధనలు కలిపి చూస్తే పడటాలు 35 శాతం తగ్గాయి.

వారానికి మూడుసార్లు, మధ్యలో ఒకరోజు విరామం ఇచ్చి, అరగంట చేయాలి. చీలమండకి బరువు కట్టుకుని కుర్చీలో కూర్చుని కాలు మెల్లగా చాపాలి, అంతకన్నా మెల్లగా దించాలి, నొప్పి తెలిసేది ఆ దించేటప్పుడే. తర్వాత మడమల మీద నడక, మునివేళ్ల మీద నడక, పక్కకి అడుగులు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం. నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఒంటికాలి మీద నిలబడటం. మొదట్లో వంటింటి గట్టుని రెండు చేతులతో పట్టుకునేదాన్ని, తర్వాత ఒక చెయ్యి, తర్వాత రెండు వేళ్లు, ఇప్పుడు చెయ్యి గట్టుకి దగ్గరగా ఉంచుతానంతే. చెప్పుల్లేకుండా నిలబడితే పాదం లోపల చిన్న చిన్న కండరాలు అటూ ఇటూ సర్దుకుంటూ ఉండటం తెలుస్తుంది, ఆ సర్దుకోవడమే మనకి కావాల్సింది.

ఇప్పుడు బస్సెక్కేటప్పుడు వెనక నుంచి ఎవరూ చెయ్యి వేయక్కర్లేదు, రాత్రి బాత్రూమ్‌కి వెళ్లాలంటే టెన్షన్ లేదు. ఇవి ఒక్క నెలలో రాలేదు, ఓపిక పట్టాలి. పండగలకి, ఊళ్లకి వెళ్లి కొన్ని వారాలు మానేస్తే తేడా వెంటనే తెలిసిపోతుంది.

నచ్చనివీ ఉన్నాయి. కాలి బరువుల పట్టీ ఎండాకాలం చెమటకి ఒరుసుకుంటుంది, సాక్సు మీద కట్టుకోండి. అవే కదలికలు ప్రతిసారీ చేయాలంటే విసుగు, అందుకే నేనూ మా ఎదురింటి వదినా కలిసి చేస్తాం. అన్నిటికన్నా ముఖ్యం, తేలికైపోయాక బరువు పెంచాలి, అది చెప్పకుండా కాగితం చేతిలో పెట్టి పంపేసేవాళ్లే ఎక్కువ. లేవగానే కళ్లు తిరిగే వాళ్లు, బీపీ మాత్రలు వేసుకునే వాళ్లు ముందు డాక్టర్‌కి చూపించుకోండి. మోకాళ్ల నొప్పులుంటే గుంజీలు లోతుగా తీయకండి, నాకైతే ఫిజియో అవి తగ్గించి కుర్చీలోంచి లేవడం పెంచారు, కుర్చీ మాత్రం గోడకి ఆనించి ఉంచుకోండి.