సౌత్ కైబాబా, బ్రైట్ ఏంజెలా?

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ దక్షిణపు అంచు (సౌత్ రిమ్) నుంచి కొలరాడో నది పక్కనున్న క్యాంపు దాకా దిగడానికి రెండు పేరున్న దారులున్నాయి. రెండిట్లో సౌత్ కైబాబ్ పొట్టి దారి, సుమారు 11 కిలోమీటర్లు. కొండ వెన్ను మీదుగా సాగుతుంది కాబట్టి అడుగడుగునా లోయంతా కళ్లముందే ఉంటుంది. అంత అందం ఇంకెక్కడా చూడలేదు నేను. కానీ దారిలో చుక్క నీళ్లు దొరకవు, నీడా దాదాపు లేదు.

బ్రైట్ ఏంజెల్ దాదాపు 15 కిలోమీటర్లు. హవసుపాయ్ తెగవాళ్లు ఎప్పటినుంచో నడిచిన బాట. మధ్యలో హవసుపాయ్ గార్డెన్స్ దగ్గర చెట్ల నీడ, వాగు, కుళాయి నీళ్లు ఉంటాయి. పైపులైను తరచూ పగులుతుంది, బయల్దేరేముందు కనుక్కోండి.

నేనైతే కైబాబ్‌లో దిగి, బ్రైట్ ఏంజెల్‌లో ఎక్కమంటాను. ఎండాకాలంలో మాత్రం ఒక్కరోజులో నదిదాకా వెళ్లి రావాలనుకోకండి, ప్రాణాల మీదికొస్తుంది.