మానని కంటి ఎరుపు: ఏళ్ళ తరబడి వాడి చూసిన కాపడం, చుక్కల మందుల గురించి నా సమీక్ష

కళ్ళకలక వచ్చి వారం పది రోజుల్లో తగ్గిపోయే ఎరుపు గురించి కాదు ఈ సమీక్ష. పొద్దున లేవగానే మొదలై, మధ్యాహ్నానికి ముదిరి, రాత్రి పడుకునేదాకా తెల్లగుడ్డు మీద ఎర్రటి గీతలు అల్లుకొని ఉండి, మర్నాడు మళ్ళీ అదే తీరుగా కనిపించే ఎరుపు గురించి రాస్తున్నాను. ఏళ్ళ తరబడి దీనితో వేగుతున్నాను కనుక, నేను వాడినవాటిలో ఏది నిజంగా పనిచేసింది, ఏది పనిచేసినట్టు కనిపించింది, దేని జోలికి అసలు వెళ్ళకూడదు అన్నది ఇదే బాధ పడుతున్నవారికి విడమరచి చెప్పాలని నా కోరిక. నేను వైద్యురాలిని కాను. గుంటూరులో ఒక బ్యాంకు శాఖలో కౌంటరు దగ్గర కూర్చొని పనిచేసే మనిషిని.

నలుగురి ముందు కూర్చొని పనిచేసేవారికి ఈ ఎరుపు మంట, దురదలతో ఆగదు. "ఏమ్మా, ఏడ్చావా?" అని పెద్దవాళ్ళు నేరుగానే అడుగుతారు. అడగనివాళ్ళు జాలిగా చూసి, ఇంట్లో ఏదో గొడవ జరిగి ఉంటుందని తమలో తామే అనుకుంటారు. ఇదే ఎరుపు మగవారికి ఉంటే తాగుడు అంటగడతారు. మా శాఖలోనే, ఏనాడూ మందు ముట్టని ఒక సహోద్యోగికి ఆ నింద తప్పలేదు. అందువల్ల మంట తగ్గడం కన్నా ముందు రంగు పోతే చాలని ఎవరికైనా అనిపిస్తుంది. మందుల షాపులో దొరికే చుక్కల మందులు చాలావరకు ఆ తొందర మీదనే అమ్ముడుపోతాయి.

మొదట నేను చూపించుకున్న ఒక చిన్న ఆసుపత్రిలో ప్రతిసారీ ఒక యాంటీబయాటిక్ చుక్కల మందు రాసి పంపేవారు. వెళ్ళిన ప్రతిసారీ మందు పేరు మారేది కానీ, కనురెప్పను తిప్పి చూసినవారు లేరు. తరువాత విజయవాడ పక్కన తాడిగడపలో ఉన్న ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్ళాను. హైదరాబాదులో 1987లో మొదలైన సంస్థకు అది ఒక శాఖ. అక్కడ జరిగిన పరీక్షలను కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైనది సరైన పరీక్షే.

గడ్డం ఆనించి, కంటిని వెలుతురులో పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ అనే పరికరం ముందు కూర్చోబెట్టాక, నారింజ రంగు అద్దిన సన్నని కాగితపు ముక్కను రెప్ప లోపల తాకించారు. ఫ్లోరసీన్ అనే ఆ రంగు కన్నీటితో కలిసి, నీలి వెలుతురులో పచ్చగా మెరుస్తుంది. ఒకసారి రెప్ప వేసి, మళ్ళీ వేయకుండా ఆపితే ఆ పచ్చటి పొర ఎంతసేపటికి చిట్లిపోతుందో లెక్కపెడతారు. 10 సెకన్లకు ముందే చిట్లితే కన్నీటి పొర నిలకడగా లేనట్టు లెక్క. నాకు అంతకన్నా చాలా ముందే చిట్లింది. తరువాత కింది రెప్ప అంచున ఒక కాగితపు పట్టీ తగిలించి 5 నిమిషాలు ఉంచారు. అది 10 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ తడిస్తే కన్నీరు సరిపడా ఊరుతున్నట్టు, 5 కన్నా తక్కువైతే బాగా పొడిబారినట్టు. నాది బాగానే తడిసింది. అంటే నీరు ఊరుతూనే ఉంది, కంటి మీద నిలవడం లేదు.

ఎందుకు నిలవడం లేదో ఆ తరువాత తెలిసింది. డాక్టరుగారు రెప్ప అంచును మెల్లగా నొక్కి, తెర మీద పెద్దది చేసి నాకు చూపించారు. రెప్పల అంచుల్లో మైబోమియన్ గ్రంథులు వరుసగా ఉంటాయి. పై రెప్పలో సుమారు 25 నుంచి 40, కింది రెప్పలో 20 నుంచి 30 దాకా ఉండే ఈ గ్రంథుల నుంచి పల్చటి నూనె ఊరి, కన్నీరు ఆవిరైపోకుండా పైన పొరగా పరుచుకుంటుంది. నావి నొక్కినప్పుడు నూనె రాలేదు. చలికాలపు నెయ్యిలా గడ్డకట్టిన తెల్లటి పదార్థం కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. నూనె పొర లేక కన్నీరు ఆరిపోవడం, ఆరిన చోట కంటి పైపొర ఒరుసుకొని వాపెక్కడం, ఆ వాపు వల్ల రక్తనాళాలు ఉబ్బి ఎర్రగా కనిపించడం, ఇదీ నా కథ. నాతోపాటు కూర్చున్న మరొకరికి అదే ఎరుపు అలర్జీ వల్ల రావచ్చు, కంటిలో కండ పెరగడం వల్ల రావచ్చు, కీళ్ళవాతంతో పాటు వచ్చే లోతైన వాపు వల్ల కూడా రావచ్చు. ఎరుపు పైపొరలోనిదా, లోపలి పొరలోనిదా అని తేల్చడానికి ఫినైలెఫ్రిన్ చుక్క వేసి కొద్ది నిమిషాలు ఆగి చూస్తారు. పైపొర రక్తనాళాలైతే తెల్లబడతాయి, లోతున ఉన్నవి అలాగే మిగులుతాయి. అద్దంలో చూసుకొని మనం ఈ తేడా కనిపెట్టలేం.

ఇక చికిత్సల్లో నేను మొదటి స్థానం ఇచ్చేది వేడి కాపడానికి. ఖర్చు దాదాపు లేని ఈ పనికి పెద్దగా ప్రచారం లేదు, ఒక్క రోజులో ఫలితం కూడా కనిపించదు. కానీ గడ్డకట్టిన నూనె కరగాలంటే రెప్పకు సుమారు 40 డిగ్రీల వేడి 10 నిమిషాల పాటు నిలకడగా అందాలి. తడి గుడ్డ రెండు నిమిషాల్లోనే చల్లారిపోతుంది కనుక, "కాపడం పెట్టాను, ఏమీ తగ్గలేదు" అనేవారిలో చాలామందికి అసలు వేడే అంది ఉండదని నా అనుమానం. నేను ఫ్లాస్కులో వేడినీళ్ళు పక్కన పెట్టుకొని, రెండు చిన్న తువాళ్ళను మార్చి మార్చి ముంచి పిండి వేసుకునేదాన్ని. తరువాత మైక్రోవేవులో వేడిచేసే గింజల కళ్ళపట్టీ కొనుక్కున్నాను. అది వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. వేసుకునే ముందు చేతి మణికట్టు లోపలివైపు ఆనించి చూడాలి, లేకపోతే రెప్ప చర్మం కాలుతుంది. కాపడం కాగానే, వేడి ఉండగానే, పై రెప్పను పైనుంచి కిందికి, కింది రెప్పను కిందినుంచి పైకి వేలితో మెత్తగా నిమరాలి. గుడ్డు మీద ఒత్తిడి పెట్టకూడదు. ఆ వెంటనే వెంట్రుకల మొదళ్ళను రెప్పలు శుభ్రం చేసే తడి వైప్‌తో తుడవాలి.

మొదటి వారాల్లో ఏ మార్పూ కనిపించలేదు. నెల దాటాక పొద్దున రెప్పలు అంటుకోవడం తగ్గింది, ఆ తరువాత మధ్యాహ్నపు మంట తగ్గింది, ఎరుపు అన్నిటికన్నా ఆలస్యంగా తగ్గింది. గుంటూరు ఎండాకాలంలో, బయట నిప్పులు చెరుగుతున్నప్పుడు, ఇంటికి వచ్చి మళ్ళీ కళ్ళ మీద వేడి పెట్టుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. అయినా ఆ నెలల్లో మానేస్తే ఎరుపు తిరగబెడుతుందని అనుభవం మీద చెబుతున్నాను. ఏసీ గదుల్లో ఎక్కువ గడిపేది కూడా ఆ నెలల్లోనే కదా.

రెండో స్థానం కృత్రిమ కన్నీటి చుక్కలది. నేను ఎక్కువకాలం వాడింది 0.5 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ ఉన్న రిఫ్రెష్ టియర్స్. వేసిన వెంటనే హాయిగా ఉంటుంది, చూపు ఒక క్షణం మసకబారి సర్దుకుంటుంది. మూత తీసిన నెలలోపు వాడేయాలి, మిగిలినా పారేయాలి. ఈ రకం మందుల్లో చూడవలసిన ముఖ్యమైన సంగతి, మందు చెడిపోకుండా లోపల కలిపిన ప్రిజర్వేటివ్. చాలా సీసాల్లో ఉండే బెంజల్కోనియం క్లోరైడ్ రోజుకు ఎక్కువసార్లు, ఎక్కువకాలం పడితే కంటి పైపొరనే దెబ్బతీస్తుంది, అంటే ఎరుపు తగ్గడానికి వేసే మందే ఎరుపుకు కారణం కావచ్చు. రోజుకు నాలుగుసార్లకు మించి వేసుకోవలసినవారు ప్రిజర్వేటివ్ లేని రకాన్ని డాక్టరునడిగి రాయించుకోవడం మేలు. ధర ఎక్కువే, కాదనను. ఇంకొక మాట: కంటిలో ఒక్క చుక్క పూర్తిగా పట్టే చోటు కూడా లేదు. రెండు మూడు చుక్కలు వేసుకుంటే మిగతాది చెంప మీదికి కారిపోతుంది, డబ్బు వృథా. రెండు రకాల మందులుంటే మధ్య కనీసం 5 నిమిషాలు ఆగాలి.

ఎరుపును నిమిషాల్లో మాయం చేసే మందులు వేరే జాతి. నాఫజోలిన్ వంటివి రక్తనాళాలను బిగించి కంటిని తెల్లబరుస్తాయి, కారణాన్ని ముట్టుకోవు. కొన్ని రోజులు వరుసగా వాడితే మందు పట్టు సడలిన ప్రతిసారీ నాళాలు ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతాయి; అప్పుడు మనిషి మళ్ళీ సీసా అందుకుంటాడు. ఇవి పసిపిల్లల కడుపులోకి కొద్దిగా పోయినా ప్రాణాపాయం కనుక ఇంట్లో చిన్నపిల్లలున్నవారు మరీ జాగ్రత్తపడాలి. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు వస్తూ వస్తూ లూమిఫై అనే చుక్కల మందు తెచ్చి ఇచ్చాడు. అందులో ఉండేది 0.025 శాతం బ్రిమోనిడిన్. నీటికాసుల జబ్బుకు (గ్లకోమాకు) ఎక్కువ మోతాదులో వాడే మందే ఇది. ఎరుపు కోసం తక్కువ మోతాదులో దీన్ని అమెరికాలో 2017 చివర్లో అనుమతించారు. పాత మందుల మీద దీనికి ఉన్న మెరుగు, మానేశాక ఎరుపు తిరగబెట్టడం తక్కువగా ఉండటం. ఒక నిమిషంలో తెల్లబడటం, ఆ తెలుపు మధ్యాహ్నం దాటేదాకా నిలవడం నేను కళ్ళారా చూశాను. డాక్టరుగారికి చూపించి, పెళ్ళిళ్ళకూ శుభకార్యాలకూ మాత్రమే వాడుకుంటున్నాను. దాంతో మంట, పొడిదనం ఇసుమంత కూడా తగ్గవు, ఆ విషయంలో ఎవరూ భ్రమపడవద్దు. ఇంట్లో పెద్దవాళ్ళకు రాసిన నీటికాసుల మందును ఎరుపుకు వాడుకోవచ్చని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

మందుల షాపులో చీటీ లేకుండా చేతిలో పెట్టే మరొక సీసా గురించి గట్టిగా చెప్పాలి. నాకొకసారి "ఇది వేయండమ్మా, పొద్దుటికి తెల్లగా అయిపోతుంది" అని ఇచ్చిన సీసా మీద యాంటీబయాటిక్ పేరు పక్కన డెక్సామెథసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్. ఎరుపు తగ్గిస్తుంది, నిజమే. కానీ పర్యవేక్షణ లేకుండా వాడుతూ పోతే కంటి ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లాలు రావచ్చు, లోపల వైరస్ లేదా ఫంగస్ ఉంటే అది చెలరేగి నల్లగుడ్డుకు పుండు పడవచ్చు. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. నేను ఆ సీసా తిరిగి ఇచ్చేశాను. డాక్టరు రాసిచ్చి, ఒత్తిడి కొలుస్తూ కొద్దికాలం వేయించే స్టెరాయిడ్ సంగతి వేరు, అది చాలామందికి అవసరం కూడా.

రెప్పల వాపు కోసం నాకు కొంతకాలం డాక్సీసైక్లిన్ మాత్రలు ఇచ్చారు. నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, ఎండ చర్మానికి త్వరగా తగులుతుంది, గర్భిణులు వాడకూడదు. ఆ మాత్రలు కాపడానికి తోడు అయ్యాయి, కాపడాన్ని తప్పించలేదు. కంటి వాపు తగ్గడానికి రాసిన సైక్లోస్పోరిన్ చుక్కలు మొదట్లో చురుక్కుమని మండించాయి. గుణం తెలియడానికి నెలలు పడుతుందని ముందే చెప్పారు కాబట్టి ఓపిక పట్టాను, లేకపోతే రెండో వారంలోనే మానేసేదాన్ని.

ఇంటి వైద్యాల్లో నందివర్ధనం పూలను మూసిన రెప్పల మీద పెట్టుకోవడం చల్లగా, సుఖంగా ఉంటుంది, హాని లేదు. కానీ పూల రసం, తేనె, పన్నీరు, చనుబాలు కంట్లో పోయడం వద్దేవద్దు, వాటిలో సూక్ష్మక్రిములు ఉండవచ్చు. కాటుక విషయంలో నాకు బాధగానే ఉంది. రెప్ప లోపలి అంచున పెట్టే కాటుక సరిగ్గా ఆ నూనె గ్రంథుల నోళ్ళ మీదే పడుతుంది. ఇప్పుడు పండగలకు వెంట్రుకల బయటివైపు మాత్రమే సన్నగా దిద్దుకుంటున్నాను.

పరిసరాల మార్పు మందుకు సాటి వస్తుందని నేను నమ్ముతాను. మా శాఖలో ఏసీ గాలి నేరుగా నా మొహానికి తగిలేది; మేనేజరుగారిని అడిగి రెక్కలను పైకి తిప్పించుకున్నాను, కంప్యూటరు తెరను కంటి ఎత్తు కన్నా కొంచెం కిందికి దించుకున్నాను. తెర వైపు చూస్తున్నప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, వేసినా సగమే వేస్తాం. టోకెన్ మారినప్పుడల్లా రెండు రెప్పలూ పూర్తిగా కలిసేలా నెమ్మదిగా మూసి తెరవడం అలవాటు చేసుకున్నాను. మిర్చి యార్డులో సరుకు జోరుగా వచ్చే నెలల్లో ఆ వైపు వెళ్ళవలసి వస్తే అంచులు మూసుకుని ఉండే కళ్ళద్దాలు పెట్టుకుంటాను. ఆ ఘాటుకు మామూలు కళ్ళే నీరు కారుస్తాయి.

తెల్లగుడ్డు పైపొరను కోసి తీసేసి కంటిని తెల్లబరిచే శస్త్రచికిత్స ఒకటి ఉంది. ఆలోచిస్తున్నవారు ఉంటే ఆగమని వేడుకుంటున్నాను. లోపలి తెల్లపొర పల్చబడటం, అక్కడ సున్నం గట్టిపడటం వంటి నష్టాలు బయటపడ్డాక దక్షిణ కొరియా ప్రభుత్వం 2011లో దీన్ని ఆపించింది.

ఇప్పుడు నా కళ్ళు పూర్తిగా తెల్లగా లేవు. సాయంత్రానికి మూలల్లో కొంచెం ఎరుపు వస్తుంది, రాత్రి కాపడంతో సర్దుకుంటుంది. నేను రాసినదంతా ఇలాంటి నెమ్మదైన ఎరుపుకు మాత్రమే వర్తిస్తుంది. ఎరుపుతో పాటు తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మందగించడం, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు, వీటిలో ఏది ఉన్నా కాపడాలతో కాలయాపన చేయవద్దు. ముఖ్యంగా కాంటాక్ట్ లెన్సు పెట్టుకునేవారికి కన్ను ఎర్రబడి నొప్పి పుడితే, వెంటనే లెన్సు తీసేసి, పరీక్షకు పనికివస్తుంది కనుక దాన్ని డబ్బాతో సహా వెంట తీసుకొని, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.