గైడ్స్‌లో మా అమ్మాయి ఏడేళ్లు: ప్యాట్రోల్ బంగారం, క్యాలెండర్‌తోనే నా గొడవ

మా అమ్మాయి మూడో తరగతిలో బుల్‌బుల్‌గా (గైడ్స్‌లో చిన్న పిల్లల విభాగం) చేరింది, ఆరో తరగతికి గైడ్ అయింది. ఇప్పుడు పదో తరగతి. చదువు ఒత్తిడి వల్ల శనివారం మీటింగులకి వెళ్లడం మానేసింది. ఈ జూన్‌లో మా అబ్బాయి స్కౌట్స్‌లో చేరాడు. అంటే భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌తో మా ఇంటికి ఏడేళ్లు దాటిన పరిచయం. యూనిఫామ్ ఎక్కడ కుట్టించాలి, ఏ వయసుకి ఏ విభాగం, ఏ సోపానం (శిక్షణ మెట్టు) తర్వాత ఏ సోపానం, ఇవన్నీ స్కూల్లోనే చెబుతారు కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఏడేళ్లలో నన్ను కట్టిపడేసింది ఒక్కటే. ప్యాట్రోల్.

ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక ప్యాట్రోల్. వాళ్లలో ఒకరు లీడర్. గైడ్స్ ప్యాట్రోళ్లకి పువ్వుల పేర్లు పెడతారు. మా అమ్మాయిది మందార. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ పెట్టిన మొట్టమొదటి క్యాంపులోనే పిల్లల్ని నాలుగు ప్యాట్రోళ్లుగా విడదీసి, ఒక్కోదాన్ని ఒక్కో పిల్లవాడి చేతికి అప్పగించాడు. నూరేళ్లు దాటినా ఆ పద్ధతి అలాగే ఉంది. పెద్దవాళ్లు పక్కనే ఉంటారు గానీ పని పిల్లల చేతుల్లోంచి లాక్కోరు. మన ఇళ్లల్లో మనం ఎంత అనుకున్నా చేయలేనిది ఇదే. పిల్ల గ్లాసు కడుగుతుంటే కూడా మన చెయ్యి ముందుకి వెళ్లిపోతుంది.

లీడర్ కాకముందు మా అమ్మాయి తన వాటర్ బాటిల్ ఎక్కడ పెట్టిందో తనకే తెలిసేది కాదు. లీడర్ అయిన ఆరు నెలలకి, శుక్రవారం రాత్రి నోట్‌బుక్ ముందేసుకుని కూర్చునేది. ఎవరి స్కార్ఫ్ చిరిగింది, ఎవరికి జ్వరం తగ్గింది, ఏ ఇద్దరు మాట్లాడుకోవడం లేదు, వాళ్లని ఒకే పనిలో వేయాలా వద్దా. ఒకసారి తన ప్యాట్రోల్‌లోని ఒక పిల్ల తల్లికి ఫోన్ చేసి, "ఆంటీ, రేపు హైక్. తనకి ఆ షూ కరుస్తోంది, పాతవి వేసి పంపండి" అంది. ఇది నేను నేర్పింది కాదు. నాకు తట్టేది కూడా కాదు.

మొదటి ఏడాది నేను బంధువులందరికీ చెప్పింది మాత్రం ఇంకోటి. రోజుకో మంచి పని చేయాలి, ఇంట్లో చేసిన పనిని డైరీలో రాయాలి. స్కార్ఫ్ చివర ఒక ముడి వేసుకుని, మంచి పని అయ్యాక విప్పేవాళ్లట. మా అమ్మాయి డైరీలో మొదటి పేజీ నాకు ఇంకా గుర్తు: "అమ్మమ్మకి సూదిలో దారం ఎక్కించాను. మూడుసార్లు జారిపోయింది." అది చదివి నా కళ్లు చెమర్చాయి. ఇంత మంచి అలవాటు ఇంకే క్లాసులోనూ నేర్పరని ఊరంతా చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకోవాలి. రెండో ఏడాదికల్లా ఆ డైరీ శనివారం పొద్దున్న వారం మొత్తానికీ ఒకేసారి నిండేది. సంతకం పెట్టేది నేనే కాబట్టి నాకు తెలుసు. అలవాటు పూర్తిగా పోలేదు, అమ్మమ్మ సూది ఇప్పటికీ తనే చూస్తుంది. కానీ పుస్తకంలో రాసుకున్నదానికీ పిల్ల నిజంగా నేర్చుకున్నదానికీ మధ్య తేడా ఉంటుంది.

ఆ తేడా నాకు బాగా తెలిసొచ్చింది మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా జరిగిన క్యాంపులో.

1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. ఆ రోజుని ఫౌండేషన్ డేగా జరుపుతారు. ఆ ఏడు దానికి కలిసొచ్చేలా క్యాంపుని నవంబరు మొదటి వారంలో వేశారు. రెండు రాత్రులు. పెద్దాపురం దాటాక ఒక మామిడి తోట. వంటకి సాయంగా నేనూ ఇంకో ఇద్దరు తల్లులమూ వెళ్లాం.

మొదటి రోజు చూడ ముచ్చటగా గడిచింది. పిల్లలే టెంట్లు వేసుకున్నారు. మూడు వెదురు కర్రలు కట్టి దాని మీద చేతులు కడుక్కునే బేసిన్ నిలబెట్టారు, చెప్పులకి స్టాండ్ కట్టారు. ఎక్కడా ఒక్క మేకు కొట్టలేదు, అన్నీ తాడుతోనే. మా నాన్న పొలంలో గుంజకి తాడు చుట్టే ముడీ వీళ్ల క్లోవ్ హిచ్చూ ఒకటేనని నాకు ఆ రోజే తెలిసింది. మధ్యాహ్నం ఎండకి నీడ బాగుంటుందని టెంట్లని తోటలో పల్లం వైపు వేయించారు. వేసేటప్పుడు మా అమ్మాయి ఆరో తరగతి పిల్ల ఒకర్ని మధ్య పోల్ దగ్గర నిలబెట్టి, "నేను చెప్పేదాకా వదలకు" అంది. ఆ పిల్ల రెండు చేతులా పట్టుకుని నిలబడింది. బయట నాలుగు వైపులా తాళ్లు బిగించారు. నేను ఉల్లిపాయలు తరుగుతూ అదంతా చూస్తున్నాను.

సాయంత్రం గాలి స్తంభించింది. క్యాంప్‌ఫైర్ అయ్యాక పిల్లలు పడుకున్నారు.

ఆ టెంట్ల తాళ్లు నూలువి. నూలు తాడు తడిస్తే కురచై బిగుసుకుంటుంది. అందుకే పడుకునే ముందు వాటిని కాస్త వదులు చేయాలి. ఇది పిల్లలకి నేర్పే పాఠమే. మా అమ్మాయి నోట్‌బుక్‌లో బొమ్మతో సహా ఉంది. ఆ రాత్రి ఏ ప్యాట్రోలూ చేయలేదు, చేశారా అని పెద్దవాళ్లం ఎవరమూ అడగలేదు.

ఒకటిన్నరకి వాన మొదలైంది. చినుకులుగా కాదు, ఒక్కసారే కుమ్మరించింది. మేం తల్లులం తోట కాపలా వాళ్ల పెంకుల షెడ్డులో పడుకున్నాం. మెలకువ వచ్చింది విజిల్ వల్ల. టార్చిలు పట్టుకుని బయటికి వచ్చేసరికి పల్లం వైపు నీళ్లు చేరుతున్నాయి. ఎర్రమట్టి మెత్తబడింది, తాళ్లు బిగిసి, నేలలో దిగేసిన టెంటు మేకుల్ని ఒక్కొక్కటే పైకి లాగేస్తున్నాయి. మందార టెంటు ఒక పక్క అప్పటికే కూలిపోయింది. మా అమ్మాయి ముందు, వెనక పిల్లలు ఒకరి స్కార్ఫ్ ఒకరు పట్టుకుని షెడ్డులోకి వచ్చారు. చీకట్లో మొహాలు కనిపించవు కాబట్టి నంబర్లు చెప్పించింది. ఒకటి తను. రెండు. మూడు. ఏడు దాకా వచ్చింది.

ఎనిమిది అని ఎవరూ అనలేదు.

తను వెనక్కి పరిగెత్తింది, నేను తన వెనక. టెంటు గుడ్డ మూడొంతులు నేల మీద పడి ఉంది, మధ్యలో మాత్రం ఎత్తుగా నిలబడి ఉంది. పైకెత్తి టార్చి వేస్తే లోపల ఆ ఆరో తరగతి పిల్ల. రెండు చేతులా పోల్ పట్టుకుని నిలబడి ఉంది. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. ఏడవడం లేదు.

"వదిలెయ్ రా, బయటికి రా" అంది మా అమ్మాయి.

"పోల్ వదలొద్దన్నావు కదక్కా."

మధ్యాహ్నం చెప్పిన మాట అది. టెంటు కదిలేసరికి ఆ పిల్లకి నిద్రలో అదే గుర్తొచ్చి లేచి పట్టుకుంది. చలికి వేళ్లు బిగుసుకుపోయాయి. మా అమ్మాయి ఒక్కో వేలూ విప్పదీసింది. పోల్ ఒరిగింది, తడి గుడ్డ మా ముగ్గురి మీదా పడింది. బయటపడ్డాక ఆ పిల్లని నా కొంగులో చుట్టుకుని షెడ్డుకి తీసుకెళ్లాను. ఒంట్లో వణుకు తగ్గడానికి అరగంట పట్టింది, ఆ పిల్లకీ నాకూ. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మిగతా పిల్లలంతా అప్పటికే బియ్యం బస్తాల మీద కూర్చుని ఉన్నారు. వేడివేడి పాలు కాచి ఇచ్చాం. తెల్లారేదాకా నాకు కన్ను మూతపడలేదు. ఒక మాట విన్న పిల్ల అంత నిబ్బరంగా నిలబడినందుకు ఒక పక్క గుండె నిండిపోయింది, ఆ మాట వినడం వల్లే ఏమై ఉండేదోనని ఇంకో పక్క కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంది.

పొద్దున్న లీడర్లందరితో కోర్ట్ ఆఫ్ ఆనర్, అంటే ప్యాట్రోల్ లీడర్ల సమావేశం, పెట్టారు. టీ ఇవ్వడానికి వెళ్లి అక్కడే నిలబడిపోయాను. గైడ్ కెప్టెన్ మేడమ్, అంటే గైడ్స్‌ని నడిపే టీచరు, ఎవర్నీ తిట్టలేదు. ఒక్కొక్కరినీ ఏం జరిగిందో చెప్పమన్నారు. మా అమ్మాయి వంతు వచ్చినప్పుడు, "పట్టుకోమని నేర్పాను మేడమ్. ఎప్పుడు వదలాలో నేర్పలేదు" అంది. తర్వాత మేడమ్ అందరి ముందూ, "జాగా ఎంచింది నేను. పల్లంలో వేయించడం నా తప్పు" అన్నారు. పిల్లల ముందు పెద్దవాళ్లు అలా ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు నుంచి మందార ప్యాట్రోల్‌లో ఏ పని చెప్పినా, అది ఎప్పుడు ఆపాలో కూడా చెప్పి తీరాలని నియమం పెట్టుకున్నారు. గైడ్ నియమాలు తొమ్మిది, క్రమశిక్షణ అందులో ఒకటి. నేను ఎప్పుడూ ఆ మాటే గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ రాత్రి తర్వాత దాన్ని తేలిగ్గా అనలేకపోతున్నాను. చెప్పేవాళ్లకి బాధ్యత తెలిసిన చోటే వినేవాళ్ల క్రమశిక్షణకి రక్షణ.

నాకు కోపం తెప్పించింది వేరే. పిల్లలు తెల్లారేసరికి తమ తప్పులు లెక్క చూసుకున్నారు. క్యాంపు తేదీలు వేసిన పెద్దవాళ్లు ఆ లెక్క చూసుకోలేదు. కోస్తాలో అక్టోబరు, నవంబరు అంటే వాయుగుండాల కాలమని వరి కోసే ప్రతి ఇంటికీ తెలుసు. ప్లాన్ మీద తేదీ ఉంది, ఊరు లేదు, వాతావరణం లేదు. మా అక్క వాళ్లుండే కరీంనగర్‌లో అదే వారం క్యాంపు హాయిగా జరుపుకోవచ్చు, అక్కడ అప్పటికి వానలు వెళ్లిపోయి చలి మొదలవుతుంది. కాకినాడ పిల్లలకి ఆ తేదీ కుదరదు. మరుసటి ఏడు ప్లాన్‌లోనూ నవంబరే ఉంది. అడిగితే "ఎప్పుడూ ఇంతే కదండీ" అన్నారు.

మా వైపు ఏడాది ఎలా సాగితే బాగుంటుందో ఇన్నేళ్లు చూశాక నాకొక అంచనా ఉంది. జూన్, జూలైలో కొత్త పిల్లలకి వరండాలోనే ముడులు, ప్రథమ చికిత్స. రెండు కర్రలు, రెండు చొక్కాలతో స్ట్రెచర్ చేయడం వర్షాకాలంలో నేర్చుకోవాల్సిన పనే. ఆగస్టు ఎలాగూ పరేడ్‌కి పోతుంది. కార్తీకంలో సామర్లకోట, ద్రాక్షారామం, అన్నవరం గిరి ప్రదక్షిణ, ఎక్కడ చూసినా జనం. క్యూల దగ్గర మంచినీళ్లు ఇవ్వడం, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి చేర్చడం, రాత్రికి ఇంటికి వచ్చేయడం. మా అమ్మాయి మంచి పనుల డైరీ నిజంగా నిండింది ఆ రోజుల్లోనే. సంక్రాంతి అయ్యాక జనవరి చివర క్యాంపు పెడితే నేల గట్టిగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, గైడ్స్ అంతా జరుపుకునే ఫిబ్రవరి 22 థింకింగ్ డేకి పిల్లల దగ్గర చెప్పుకోవడానికి కబుర్లుంటాయి. ఏప్రిల్‌లో పొద్దున్న రెండు గంటలు చలివేంద్రం చాలు. ఎండలో హైకులు వద్దు.

ఇంకొక మాట చెప్పకపోతే అన్యాయం. నేను పొగిడిన ప్యాట్రోల్, ఆ మేడమ్ ఉన్నన్నాళ్ల ప్యాట్రోల్. తొమ్మిదో తరగతి మొదట్లో ఆవిడకి బదిలీ అయింది. తర్వాత మీటింగులన్నీ పరేడ్ ప్రాక్టీసు, రాజ్య పురస్కార్‌కి లాగ్‌బుక్కు రాయడం. గవర్నర్ సంతకంతో వచ్చే సర్టిఫికెట్ చిన్నది కాదు, రైల్వేలో స్కౌట్స్ కోటా ఉందని చాలామంది తల్లిదండ్రులు దానికోసమే చేరుస్తారు, వాళ్లని తప్పుపట్టను. కానీ పిల్లలు లీడర్లుగా చేసే పనులు పెద్దవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి. మా అమ్మాయి ఆసక్తి తగ్గడానికి పదో తరగతి ఒక్కటే కారణం కాదు.

కాబట్టి చేర్చండని అందరికీ ఒకే మాట చెప్పలేను. మా ఇల్లు స్కూలుకి నడిచే దూరం, ఇంట్లో మా అత్తగారు ఉంటారు, శనివారాలు నాకు సెలవు. వెళ్లి చూడగలిగాను, అడగగలిగాను. మీకు అలా కుదిరితే, మీ స్కూల్లో పిల్లల చేతికి పని వదిలే టీచరు ఉంటే, కళ్లు మూసుకుని చేర్చండి. లేకపోతే చేర్చే ముందు ఒక్క శనివారం మైదానం చివర నిలబడి, విజిల్ ఎవరి మెడలో ఉందో చూడండి. పిల్లల మెడలో ఉంటే చాలు.

మా అబ్బాయి ట్రూప్‌కి కొత్త మాస్టారు వచ్చారు. జూన్‌లో తల్లిదండ్రుల మీటింగులో నవంబరు సంగతి మళ్లీ ఎత్తాను, ఈసారి ఇంకో నలుగురు తోడయ్యారు. క్యాంపుని జనవరి చివరి వారానికి మార్చారు. ప్లాన్ కాగితం ఇంటికి తెస్తే మా అమ్మాయి లెక్కల పుస్తకం పక్కన పెట్టి మొత్తం చదివింది. పెన్సిల్‌తో కింద ఒక గడి గీసి, "రాత్రి పడుకునే ముందు తాళ్లు వదులు చేసేది" అని రాసి, పక్కన పేరుకి ఖాళీ వదిలింది. మాస్టారు దాన్ని అలాగే ఉంచి, ఆ ఖాళీలో ఒక పిల్లవాడి పేరు నింపారు.